పెన్న వెంట పులికాట్ దీవుల దాకా: సీమ నుంచి సముద్రానికి పాత వర్తకుల దారిలో యాత్ర చేయడం ఎలా?

కడప జిల్లాకు సముద్రం లేదు గానీ సముద్రంతో బేరసారాలు మాత్రం కొన్ని వందల ఏళ్లుగా ఉన్నాయి. బళ్లారి, కర్నూలు నల్లరేగళ్ల పత్తి, కడప నీలిమందు, గండికోట కొండల్లో చేతులు మారిన రత్నాలు తూర్పుకు దిగి కోస్తా రేవులు చేరేవి. ఆ రేవుల నుంచి ఉప్పు లంబాడీల ఎద్దుల మీద పడమటికి ఎక్కేది. ఆ రాకపోకలు సాగిన దారిని ఈనాటికీ దాదాపు పూర్తిగా చూసి రావచ్చు. కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల వారు ఆరు రోజులు వీలు చేసుకుంటే గండికోటలో మొదలుపెట్టి, పెన్నను పట్టుకొని నెల్లూరు తీరానికి దిగి, పులికాట్ సరస్సులోని దీవులను, దాని దక్షిణ కొసన ఉన్న డచ్చివారి పాత రేవు పట్టణాన్ని చూసి, మరో దారిన ఇల్లు చేరవచ్చు. ఆ యాత్రకు ఎలా సిద్ధం కావాలో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో, దేన్ని వదిలేసినా ఫర్వాలేదో ఇందులో వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: దారిని పటం మీద పరిచి చూసుకోవడం

బయలుదేరే ముందు ఒక సాయంత్రం పటం ముందు కూర్చోండి. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్న అనంతపురం జిల్లాను దాటి, తాడిపత్రి పక్కగా వచ్చి, గండికోట దగ్గర ఎర్రమల కొండలను కోసుకొని, సిద్ధవటం మీదుగా వెళ్లి, సోమశిల వద్ద వెలికొండలను చీల్చుకొని, నెల్లూరు దాటాక ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం పొడవు 597 కిలోమీటర్లు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపించే ఈ ఏరు పడవల దారిగా ఎన్నడూ పనికిరాలేదు. అయినా కొండల వరుసలో అది తెరిచిన సందులే మనుషులకు, ఎద్దులకు దారి చూపాయి. తాగే నీటికి చెలమ తవ్వుకునే వీలు, పశువులకు గడ్డి, బరువులు దించుకోవడానికి చదునైన గట్టు ఉన్నచోట మజిలీ పడింది. మజిలీ పడినచోట సంత వచ్చింది. సంత వచ్చినచోట సుంకం వసూలు చేయడానికి కోట వెలిసింది. ఈ వరుస మనసులో ఉంచుకొని చూస్తే ఈ యాత్రలో తగిలే ప్రతి కోటా అర్థమవుతుంది. గోడల ఎత్తును చూసి మురిసిపోయేవారికి మాత్రం రెండో కోట దగ్గరే విసుగు పుడుతుంది.

ఇప్పటి 67వ నంబరు జాతీయ రహదారి కూడా చాలావరకు ఈ దిశలోనే నడుస్తుంది. హంపి పక్కనున్న హొసపేట నుంచి బళ్లారి, గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరి కృష్ణపట్నం రేవు దగ్గర ముగుస్తుంది. విజయనగర రాజధానికీ తూర్పు తీరానికీ మధ్య గీత గీయమంటే ఇంతకంటే సూటిగా గీయడం కష్టం. మీ ముందు ఖనిజాన్నో, బండలనో మోసుకుపోయే లారీ అడ్డుపడి దారి ఇవ్వకపోతే చిరాకు పడకండి, అది కూడా మీ యాత్రలో భాగమే.

అనంతపురం వారు తాడిపత్రి మీదుగా రావడం మేలు. పెన్న ఒడ్డునే ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయాన్ని, ఊళ్లోని చింతల వేంకటరమణస్వామి ఆలయాన్ని కట్టించినవారు గండికోటను ఏలిన పెమ్మసాని నాయకులే కనుక, ఒక పూట ముందు బయలుదేరితే యాత్రకు తగిన పీఠిక దొరుకుతుంది. కర్నూలు వారికి రెండు మార్గాలున్నాయి. నంద్యాల నుంచి ఎర్రగుంట్ల వెళ్లే రైలు మార్గంలో జమ్మలమడుగులో దిగవచ్చు, లేదా సొంత వాహనంలో నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా రావచ్చు. వచ్చే దారిలో కె.సి. (కర్నూలు-కడప) కాలువ కనిపించినచోట ఒక నిమిషం ఆగండి. 1860 దశకంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దానిని సాగు కోసమే గాక పడవల రవాణా కోసం కూడా తవ్వించింది. లెక్కలు తప్పి కంపెనీ నష్టపోతే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. సరుకును నీటి మీద నడిపించాలన్న ఆశ కర్నూలు నేలలోనూ ఒకప్పుడు మొలిచిందని చెప్పడానికి ఈ కాలువే సాక్ష్యం.

రెండో మెట్టు: కాలాన్ని ఎంచుకోవడం

సంక్రాంతి దాటిన నాటి నుంచి ఫిబ్రవరి మూడో వారం వరకు ఉన్న కాలం ఈ యాత్రకు అన్ని విధాలా అనుకూలం. ఈశాన్య రుతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు తీరాన్ని తడిపి, పులికాట్ సరస్సును నింపి వెళ్తుంది. నీరు నిలకడగా ఉండి, పక్షులు దిగి, గండికోట బండల మీద మధ్యాహ్నం కూడా నడవగలిగేది ఆ తర్వాతనే. నవంబరులో వెళితే వాయుగుండం భయం వెంటాడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సరస్సు ఉత్తర భాగం చాలామేర ఎండిపోయి ఉప్పు పేరుకున్న బీడులా మారుతుంది. దీవులకు పడవలో వెళ్లాలన్న కోరిక ఉన్నవారు వేసవి సెలవుల మాట మరిచిపోవడమే మంచిది.

వాతావరణం సంగతి తెలుసుకోవడానికి తీరంలో వాడుకలో ఉన్న పద్ధతినే మీరూ పాటించండి. బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడితే కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరవేస్తారు. దాని నంబరు వార్తల్లో వస్తుంది. ఏ నంబరు సూచిక ఎగిరినా ఆ రోజుల్లో పడవ ప్రయాణాన్ని కార్యక్రమం నుంచి తీసేయండి, పడవవాడు వస్తానన్నా సరే.

ఇంకో రెండు తేదీలు సరిచూసుకోవాలి. సూళ్లూరుపేట పరిసరాల్లో చలికాలంలో జరిపే ఫ్లెమింగో పండుగ రోజుల్లో రద్దీ విపరీతంగా ఉంటుంది. పండుగ సందడి కావాలనుకునేవారు అప్పుడే వెళ్లాలి, పక్షులు కావాలనుకునేవారు ఆ రోజులు తప్పించుకోవాలి. రెండోది రాకెట్ ప్రయోగం. ప్రయోగం ఉన్ననాడు శ్రీహరికోట దారిలో తనిఖీలు పెరుగుతాయి, లాడ్జీలు నిండిపోతాయి, వేటకు వెళ్లే పడవలకు ఆంక్షలు ఉంటాయి. ప్రయోగాన్ని చూడదలచినవారు ఇస్రో వెబ్‌సైట్‌లో ముందుగా పేరు నమోదు చేసుకొని, సందర్శకుల గ్యాలరీలోకి అనుమతి పొంది వెళ్లాలి. ప్రయోగం వాయిదా పడటం మామూలే కనుక ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోండి.

మూడో మెట్టు: చదువు, సామాను

కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో ఒక పూట గడపకుండా ఈ యాత్రకు బయలుదేరవద్దని నా సలహా. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు రెండు వందల ఏళ్ల క్రితం ఊరూరా తిరిగి కరణాల నోట విని, కవిలెల్లో చూసి రాసిన కైఫీయత్తుల్లో కడప జిల్లా గ్రామాలవి అక్కడ అచ్చులో దొరుకుతాయి. ఏ ఊరు ఎవరి ఏలుబడిలో ఉండేది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఏ మాన్యం ఉండేది అన్నవి వరుసగా ఉంటాయి. మీ దారిలో పడే ఊళ్లవి మాత్రం చదివి, పేర్లు ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. గండికోట కైఫీయత్తు చదివి కోటలోకి అడుగుపెట్టినవాడికి గైడు అవసరం సగం తగ్గుతుంది.

సామాను విషయంలో పొడుగ్గా చెప్పవలసిందేమీ లేదు. పట్టు గల బూట్లతో పాటు, బురదలో దిగినా పాడుకాని రబ్బరు చెప్పులు కూడా ఉండాలి. పక్షులను చూడటానికి దుర్భిణి, టోపీ, తలకు చుట్టుకునే తువ్వాలు, ఫోను తడవకుండా ప్లాస్టిక్ సంచి, అందరి ఆధార్ కార్డులు తీసుకోండి. దీవుల్లో హోటళ్లు ఉండవు. మనిషికి మూడు లీటర్ల మంచినీళ్లు, బొరుగులు, వేయించిన సెనక్కాయలు, అరటిపండ్లు సర్దుకుంటే ఒక పూట గడిచిపోతుంది.

నాలుగో మెట్టు: గండికోటలో పగలంతా

జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది గండికోట. ముంబయి-చెన్నై మార్గంలో రైలు దిగేవారికి ముద్దనూరు దగ్గర. రాత్రి బసకు పర్యాటక సంస్థ హరిత హోటల్ ఉంది, చలికాలం శని ఆదివారాల్లో ముందుగా గది మాట్లాడుకోకపోతే దొరకదు.

చాలామంది సూర్యోదయానికి లోయ అంచుకు వెళ్లి, ఫోటోలు దిగి, ఎండెక్కగానే తిరుగుముఖం పడతారు. ఈ దారిలో మీరు చూడవలసింది లోయ ఒక్కటే కాదు కనుక క్రమాన్ని మార్చండి. ఉదయం చల్లగా ఉండగానే కోట ద్వారం నుంచి ఊళ్లోకి నడిచి, జుమ్మా మసీదు పక్కనున్న ధాన్యాగారం ముందు ఆగండి. దట్టమైన రాతిగోడలు, ఎత్తైన కమాను కప్పు, గాలి సోకడానికి వదిలిన చిన్న చిన్న సందులు చూస్తే ముట్టడి నెలల తరబడి సాగినా తట్టుకునే లెక్కతో దీన్ని కట్టారని తెలుస్తుంది. తర్వాత మాధవరాయస్వామి ఆలయం, రంగనాథాలయం, కోనేరు చూసుకొని, ఎండ ముదిరేసరికి నీడకు చేరండి. లోయను సాయంత్రం నాలుగు దాటాక చూడండి. అప్పుడు ఎదురుగట్టు మీద ఎర్రటి వెలుగు పడి, పలకలు పలకలుగా పేర్చినట్టున్న రాతి పొరలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా కనిపిస్తాయి. అంచున కమ్మీలు లేవు. బండల మీద సన్నటి ఇసుక ఉంటుంది. పిల్లల చెయ్యి వదలకండి, అంచుకు వెన్ను తిప్పి సెల్ఫీ తీసుకోకండి.

ఇక ఈ కోటకూ వర్తకానికీ ఉన్న సంబంధం. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650 ప్రాంతంలో పెమ్మసాని వారి నుంచి ఈ కోటను పట్టుకున్నాడు. పర్షియాలో నూనె వర్తకుడి ఇంట పుట్టి, వజ్రాల వ్యాపారంతో పైకి వచ్చి, మచిలీపట్నం నుంచి సొంత ఓడలు నడిపినవాడు అతడు. కత్తి పట్టిన వర్తకుడనాలో, త్రాసు పట్టిన సేనాని అనాలో తేల్చుకోవడం కష్టం. ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే గోల్కొండ సుల్తానుకు అమ్మదలచిన ముత్యాలను ముందుగా ఇతనికి చూపించవలసి వచ్చి, 1652లో మద్రాసు నుంచి గండికోట దాకా ప్రయాణం చేశాడు. అప్పుడు తాను చూసిన దృశ్యాన్ని అతడు రాసిపెట్టాడు. మీర్ జుమ్లా గుడారంలో కింద కూర్చొని ఉన్నాడు. కాళ్లకు ఏమీ లేవు. కాలివేళ్ల సందుల్లో కొన్ని కాగితాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో మరికొన్ని. ఒక్కొక్కటి తీసి చదివించుకుంటూ గుమాస్తాలకు జవాబులు చెబుతున్నాడు. కోటలో నిలబడి ఈ దృశ్యాన్ని ఒకసారి ఊహించుకోండి. ఫిరంగులు పోతపోయిస్తూ, నేరాలకు శిక్షలు వేస్తూ, ముత్యాల వెల కడుతూ ఒకే మనిషి కూర్చున్న చోటు ఇది.

టావెర్నియే పేరు గుర్తు పెట్టుకోండి, తిరుగు ప్రయాణంలో మళ్లీ తగులుతాడు.

ఐదో మెట్టు: కొండ దిగి నెల్లూరు చేరడం

రెండో రోజు ప్రయాణమే ఎక్కువ. ఉదయం ప్రొద్దుటూరులో టిఫిను చేసి, బంగారు అంగళ్ల వీధిలో ఒక చుట్టు తిరగండి. కొనేదేమీ లేకపోయినా, ఓడరేవుకు ఇంత దూరంలో ఉన్న ఊళ్లో ఇంతటి బేరం ఎలా నిలిచిందో ఆలోచించడానికి అది తగిన చోటు. మైదుకూరు దాటితే పసుపు చేలు, బద్వేలు దాటాక పొదలతో నిండిన వెలికొండలు వస్తాయి. కొండల్లో దారి పెద్ద కష్టమేమీ కాదు, అయితే చీకటి పడకముందే దాటండి, పశువులూ లారీలూ ఎదురవుతాయి.

ఆత్మకూరు చేరాక రెండు పక్కదారులు ఊరిస్తాయి. ఒకటి సోమశిల జలాశయం, 78 టీఎంసీల సామర్థ్యం గలది. కొండల మధ్య సందును పెన్న ఎలా వాడుకుందో అక్కడ కంటికి కనిపిస్తుంది. రెండోది ఉదయగిరి దుర్గం. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి 1514లో దీనిని గెలుచుకొని, ఇక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని హంపికి తరలించి గుడి కట్టించాడు. కొండ ఎక్కడానికి ఒక పూర్తి దినం కావాలి గనుక ఈ యాత్రలో దానిని ఇరికించవద్దు, విడిగా వచ్చి చూడండి. సోమశిలకు రెండు గంటలు చాలు.

రాత్రి బస నెల్లూరులో. పెన్న ఒడ్డున రంగనాయకులస్వామి దర్శనం చేసుకొని, మామిడికాయ వేసిన చేపల పులుసుతో భోంచేయండి. సంగటి తిని పెరిగిన మన నాలుకకు ఆ పులుపు రెండో ముద్దకు గానీ పట్టుబడదు.

ఆరో మెట్టు: పాత రేవుల జాడ

మూడో రోజు కృష్ణపట్నంతో మొదలుపెట్టండి. ఓడరేవు లోపలికి అనుమతి లేకుండా పోనివ్వరు, ఆ ప్రయత్నంతో పొద్దు పుచ్చవద్దు. మీరు వచ్చిన రహదారి ఎక్కడ ముగుస్తుందో చూసి, రేవుకు నీడనిచ్చే ఉప్పుటేరును గమనిస్తే చాలు. మన తూర్పు తీరం చాలావరకు వంపులు లేకుండా తిన్నగా, ఇసుకతో, లోతు తక్కువగా ఉంటుంది. పాత ఓడలు నడిసముద్రంలో లంగరు వేసి, చిన్న పడవల మీద సరుకు దించేవి. ఏటి నోరు ఉన్నచోట మాత్రమే కాస్త ఆసరా. అందుకే తీరంలోని రేవులన్నీ ఉప్పుటేర్ల పక్కనే వెలిశాయి, ఏరు పూడితే రేవు చచ్చింది.

ఈ సందర్భంలో మన దారికి ఉత్తరాన ఎంతో దూరంలో ఉన్న మోటుపల్లిని తలచుకోక తప్పదు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అక్కడ అభయశాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాక్కునేవారనీ, ఇకపై న్యాయమైన సుంకం తప్ప మరేదీ తీసుకోననీ అందులో ప్రకటించాడు. ప్రాణాలకు తెగించి వచ్చినవాడి సొత్తును దోచుకుంటే రేవుకు మరో ఓడ రాదన్న లెక్క తెలిసిన రాజు అతడు. మోటుపల్లికి వెళ్లడానికి ఈ యాత్రలో వీలుపడదు.

కృష్ణపట్నం నుంచి దక్షిణంగా వచ్చి వాకాడు మండలంలోని దుగరాజపట్నం చేరండి. ఆంగ్లేయులు ఆర్మగాన్ అని పిలిచిన ఈ ఊళ్లో 1626లో వారి వర్తక స్థావరం వెలిసింది. పులికాట్‌లో డచ్చివారి పక్కన నిలదొక్కుకోలేక వారు ఇక్కడికి వచ్చారు. ఇక్కడా కోరుకున్న బట్ట దొరకక, స్థానిక అధికారులతో పొసగక, స్థావరానికి పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన మరో ఇసుకతిన్నెను చూసుకున్నాడు. అదే మద్రాసు అయింది. దుగరాజపట్నంలో ఇప్పుడు ఆనాటి కట్టడాల కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. తీరాన్ని, లోపలి నీటిని, జాలరుల పడవలను చూసి, ఈ చోటు ఎందుకు నచ్చిందో, ఎందుకు చాలలేదో బేరీజు వేసుకోవడమే ఇక్కడి పని. గంటకంటే ఎక్కువ ఆగనక్కరలేదు.

నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట చేరేలోపు నేలపట్టు పక్షి కేంద్రం వస్తుంది. నీటిలో మునిగి నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. సాయంత్రం పక్షులు గూటికి చేరేవేళ అక్కడ ఉండేటట్టు చూసుకోండి.

ఏడో మెట్టు: సరస్సు, దీవులు

దేశంలోని ఉప్పునీటి సరస్సుల్లో ఒడిశాలోని చిలికా తర్వాత పెద్దది పులికాట్. ఎక్కువ భాగం మన రాష్ట్రంలోనే ఉంది. ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్లు సాగిన ఈ సరస్సుకూ సముద్రానికీ మధ్య సన్నగా, పొడుగ్గా పడుకున్న దీవే శ్రీహరికోట. సరస్సు లోతు చాలాచోట్ల మొలబంటి కూడా ఉండదు. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి ఏర్ల మంచినీళ్లు, మొగల (సరస్సు సముద్రంలోకి తెరుచుకునే నోళ్ల) ద్వారా వచ్చే సముద్రపు నీళ్లు కలిసి ఉప్పదనం నెలనెలకూ మారుతుంది. రొయ్య, పీత, చేప, వాటి కోసం వచ్చే పక్షి అన్నీ ఆ మార్పు మీదే ఆధారపడి బతుకుతాయి. మొగ ఇసుకతో పూడితే జాలరి ఇంట్లో పొయ్యి వెలగదు.

నాలుగో రోజు తెల్లవారుజామునే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు సరస్సును చీల్చుకొని పోయే రోడ్డు మీదికి చేరండి. రెండు పక్కలా నీరే. అటకానితిప్ప దాకా వెళుతూ, వాహనాన్ని రోడ్డుకు పూర్తిగా పక్కన ఆపి, దిగి, కదలకుండా పది నిమిషాలు నిలబడితే ఫ్లెమింగోలు వాటంతట అవే మేతలో పడతాయి. తల కిందులు చేసి, ముక్కును నీళ్లలో అటూ ఇటూ జాడిస్తూ, కాళ్లతో బురదను తొక్కి కలచుతూ మేసే పద్ధతిని దుర్భిణిలో చూడండి. వాటిని ఎగరగొట్టి ఫోటో తీయడానికి చప్పట్లు కొట్టేవారు ఎవరైనా కనిపిస్తే మర్యాదగానే వారించండి. మేత మాని ఎగిరిన ప్రతిసారీ ఆ పక్షి ఒంట్లో సత్తువ ఖర్చవుతుంది.

శ్రీహరికోట దీవిలోకి అనుమతి లేకుండా వెళ్లడం కుదరదు. 1971 నుంచి రాకెట్లు ఎగురుతున్న ఆ దీవి అడవుల్లో అంతకు ముందు యానాదులు వేరు, తేనె, చేప మీద బతికారనీ, కేంద్రం కోసం వారిలో చాలామంది చోటు వదులుకున్నారనీ తెలుసుకొని చూడాలి.

దీవికి వెళ్లాలంటే తడ మండలంలోని భీములవారిపాలెం రేవుకు వెళ్లండి. ఇరకం దీవికి పడవలు అక్కడి నుంచే. పడవ మాట్లాడుకునేటప్పుడు రానూపోనూ ఎంత, దీవిలో ఎంతసేపు ఆగుతారు అన్నవి ఎక్కకముందే తేల్చుకోండి. ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉందో లేదో చూసి, పిల్లల ఒంటికి సరిపడేది విడిగా అడగండి. పడవ అంచు నీటికి జానెడు ఎత్తు కూడా లేకుండా మనుషులను ఎక్కించుకుంటే దిగిపోండి. దీనిలో మొహమాటానికి చోటు లేదు. 2011 డిసెంబరు 25న ఈ సరస్సు దక్షిణ కొసన పడవ మునిగి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. నడుముబంటి నీళ్లే గదా అనుకోవడం పెద్ద పొరపాటు. కింద బురద కాళ్లను పట్టేస్తుంది, మొగల దగ్గర పోటుపాటులకు నీటి లాగుడు హఠాత్తుగా పెరుగుతుంది.

ఉదయం బయలుదేరి మధ్యాహ్నం గాలి లేవకముందే ఒడ్డుకు రావడం మంచి పద్ధతి. నీరు తక్కువైనచోట సరంగు ఇంజను ఆపి గడ వేసి నెడతాడు. ఒక్కోసారి మిమ్మల్నీ దిగమంటాడు. అప్పుడు రబ్బరు చెప్పులు విడవకండి, బురదలో ఆల్చిప్పల అంచులు కత్తుల్లా ఉంటాయి. దారిలో బకింగ్‌హాం కాలువ గురించి సరంగును అడిగితే మాటలు ఊరతాయి. 1806లో మద్రాసు దగ్గర మొదలై, అంచెలంచెలుగా పెరిగి, 1878లో గవర్నరు పేరు పెట్టుకున్న ఆ కాలువ ఈ సరస్సు గుండానే పోతుంది. ఇటు నుంచి సరుగుడు కట్టె, ఉప్పు, వడ్లు నింపుకున్న పడవలు మద్రాసు దాకా వెళ్లేవి. ఒడ్డున నడుస్తూ మనుషులు తాడుతో లాగేవారు, గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు.

ఇరకంలో చూడవలసిన ‘స్థలాలు’ అంటూ లేవు. అది మనుషులు కాపురం ఉండే ఊరు. పాలు, మందులు, పెళ్లిసామాను అన్నీ పడవలోనే రావాలంటే బతుకు ఎలా నడుస్తుందో చూడటమే అక్కడికి వెళ్లిన ఫలితం. పెద్దలు కనిపిస్తే పలకరించండి, ‘ఏ ఊరు నాయనా’ అని వారే అడుగుతారు. కడప అంటే ఒంటిమిట్ట గురించో, వానల గురించో మాట కలుస్తుంది. అడగకుండా ఇళ్ల ముంగిట ఫోటోలు తీయవద్దు. తెచ్చిన ప్లాస్టిక్ సీసాలు తిరిగి తీసుకువెళ్లండి. వేనాడు దీవిలోని దర్గాకు హిందువులు, ముస్లిములు కలిసి వెళతారు. దారి నీటిని బట్టి మారుతుంది గనుక సూళ్లూరుపేటలో ఆరా తీసి, ఆనాటికి వీలుంటేనే పెట్టుకోండి.

ఎనిమిదో మెట్టు: డచ్చివారి పట్టణం

ఐదో రోజు తమిళనాడు సరిహద్దు దాటి, పొన్నేరి మీదుగా పళవేర్కాడు వెళ్లండి. సరస్సుకు పులికాట్ అన్న పేరు తెచ్చింది ఈ ఊరే. రైల్లో వెళ్లేవారు సూళ్లూరుపేటలో చెన్నై లోకల్ ఎక్కి పొన్నేరిలో దిగి బస్సు పట్టుకోవచ్చు. పోర్చుగీసువారు 16వ శతాబ్ది మొదట్లోనే ఇక్కడికి వచ్చారు. డచ్చివారు 1610లో అరవీటి వేంకటపతిరాయల అనుమతి పొంది పాదం మోపారు. ఆ రాయలు పెనుకొండలో ఏలుబడి మొదలుపెట్టి చంద్రగిరికి మారినవాడు. అంటే అనంతపురం జిల్లా కోట నుంచి వచ్చిన రాజవంశమే ఈ రేవు తాళంచెవిని వారి చేతికి ఇచ్చింది. 1613లో వారు కట్టిన గెల్డ్రియా కోట చాలాకాలం కోరమాండల్ తీరమంతటికీ డచ్చివారి ముఖ్య స్థానంగా ఉంది. 1690లో ఆ హోదా నాగపట్నానికి పోయింది.

ఇక్కడి లెక్కను రెండు ముక్కల్లో చెప్పవచ్చు. డచ్చివారికి తూర్పు దీవుల మిరియం, లవంగం, జాజికాయ కావాలి. ఆ దీవులవారికి వెండి కంటే మన అద్దకం బట్టలంటే మోజు. అందుకని బంగారం, వెండి తెచ్చి ఇక్కడ బట్ట కొని, అది అక్కడ ఇచ్చి సుగంధ ద్రవ్యాలు కొనేవారు. నేతగాళ్లకు బయానా ఇచ్చి బట్ట సమకూర్చిన దళారులు చాలామంది మన తెలుగువారే. బలిజ కులానికి చెందిన మలయ, అతని తమ్ముడు చిన్నన్న ఈ రేవులో డచ్చివారితో సమానంగా ఓడలు నడిపారు. ఇంత చెప్పాక చీకటి పక్క కూడా చెప్పాలి. 17వ శతాబ్దిలో కరువు వచ్చినప్పుడల్లా ఈ రేవు నుంచి వేలమందిని బానిసలుగా బటేవియాకు (ఇప్పటి జకార్తాకు) ఎక్కించారు. బట్టల మూటలు ఎక్కిన పడవల్లోనే మనుషులూ ఎక్కారన్న సంగతి ఏ ఫలకం మీదా వెతకకండి, మీరే గుర్తుంచుకోండి.

కోట స్థానంలో ఇప్పుడు కందకపు గుర్తులు, పొదలు మిగిలాయి. శ్మశానం మాత్రం చెక్కుచెదరలేదు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న దాని ద్వారం రెండు పక్కలా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. లోపల నల్లని సమాధి పలకల మీద ఉబ్బెత్తుగా చెక్కిన డచ్చి అక్షరాలు, వంశచిహ్నాలు, తేదీలు మూడు వందల ఏళ్లు దాటినా చదవగలిగినంత పదునుగా ఉన్నాయి. తేదీలు చదువుతూ నడిస్తే, చనిపోయినవారిలో ఎందరు పసివాళ్లో తెలుస్తుంది. పలకల మీద కాళ్లు పెట్టకుండా, ఉదయం ఏటవాలు ఎండలో చూస్తే చెక్కడం బాగా కనిపిస్తుంది.

టావెర్నియే 1652లో ఇక్కడా ఆగాడు. ఊరి వారికి మంచినీరు ఎలా దొరుకుతుందో అతడు గమనించాడు. పాటు వేళ నీరు వెనక్కి తగ్గగానే తీరపు ఇసుకలో గుంటలు తవ్వితే, సముద్రానికి అంత దగ్గరలోనూ తియ్యటి నీరు ఊరేదట. ఉప్పునీటి కంటే వాననీరు తేలిక కనుక ఇసుకలో పైన తేలుతుంది. పెన్నలో చెలమ తవ్వి నీళ్లు తాగిన సీమవాసికి దీనిలో వింత కనిపించదు.

తొమ్మిదో మెట్టు: టావెర్నియే వచ్చిన దారిన ఇంటికి

ఆరో రోజు నాయుడుపేట, శ్రీకాళహస్తి, రేణిగుంట, రాజంపేట మీదుగా తిరిగి రండి. మద్రాసు వైపు నుంచి గండికోటకు ఎక్కి వచ్చిన ఆ రత్నాల వ్యాపారి ఒంటిమిట్ట కోదండరామాలయాన్ని చూసి, దేశంలోని గొప్ప గుళ్లలో ఒకటని మెచ్చుకున్నాడు. మధ్యరంగ మండపంలోని స్తంభాలను తీరికగా చూసి, సాయంత్రం నాలుగింటికల్లా సిద్ధవటం చేరేటట్టు లెక్క వేసుకోండి. మట్లి రాజుల ఈ కోట పెన్నను ఆనుకొని ఉంటుంది. 1808 నుంచి 1812 వరకు జిల్లా కేంద్రం కూడా ఇదే. కోటలోకి వెళ్లగానే శిల్పాల వైపు కాక, ముందు ఏటి వైపున్న గోడ దగ్గరికి వెళ్లి, అవతలి గట్టు నుంచి ఎద్దుల బిడారు ఏరు దాటాలంటే ఎక్కడ దిగాలో, దిగినవాడు ఈ గోడ కళ్లుగప్పి ఎలా పోగలడో చూడండి. గండికోటలో మొదలుపెట్టిన సుంకం లెక్క ఇక్కడ సరిపోతుంది. కోట తలుపులు చీకటి పడేలోపే మూస్తారు. అక్కడి నుంచి కడప సుమారు 20 కిలోమీటర్లు, రాత్రి భోజనానికి ఇంట్లో ఉండవచ్చు.